అత్తయ్య నేర్పిన నడుం తిప్పు

మొన్న మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎవరో పరదేశి కుర్రాడు బేస్‌బాల్ బ్యాటు తిప్పుతున్నాడు, ఒక్కో కదలికా విడివిడిగా కనపడేంత నెమ్మదిగా. "చూడు అమ్మమ్మా, ముందు నడుం తిరుగుతుంది, చేతులు ఆ తర్వాత వస్తాయి. అదంట కిటుకు" అంది. నాకు నవ్వాగలేదు. ఆ కిటుకు పంతొమ్మిదివందల అరవైల మొదట్లోనే మా మేనత్త నాకు చెప్పింది.

అత్తయ్య మేం చదివే ఆడపిల్లల మిషను బడిలో డ్రిల్లు టీచరు. మనిషి పొట్టి, గొంతు మాత్రం చర్చి గంటతో పోటీకొచ్చేది. స్వదేశం వెళ్లిపోతూ ఒక అమెరికా దొరసానమ్మ రెండు బేస్‌బాల్ బ్యాట్లు, కొన్ని బంతులు, ఒక పుస్తకం ఆమె చేతిలో పెట్టింది. ఆ పుస్తకం చూసి అత్తయ్య ఆట నియమాలన్నీ నేర్పింది గానీ, కొట్టడం మాత్రం మాకెవరికీ పట్టుబడలేదు. చేతులతో తోసేవాళ్లం, బంతి మా కాళ్ల దగ్గరే పడేది. గూడూరు పిల్లలతో మొదటి పోటీలో ఒక్క పరుగన్నా లేకుండా ఓడి, రైల్లో ఏడ్చుకుంటూ తిరిగొచ్చాం.

ఆ శనివారం చేపలకని నన్ను వెంటబెట్టుకుని అత్తయ్య సముద్రపొడ్డున ఉన్న జువ్వలదిన్నె పోయింది. మోకాలి లోతు నీళ్లలో ఒకాయన విసురువల వేస్తున్నాడు. ఆమె చేపల సంగతి మరిచి ఆయన్నే చూస్తూ నిలబడిపోయింది. ఉండబట్టలేక అడిగేసింది: "అన్నా, అంత బరువు వల అంత దూరం ఎట్లా పడతాది?"

"చేతుల్తో ఇసిరితే ముద్దగా పడతాదమ్మా. కాళ్లు ఊనుకోని నడుం తిప్పాల. చేతులు దాని ఎంబడే వస్తాయి" అన్నాడాయన.

అత్తయ్య అక్కడే ఇసకలో, చెంగు నడుముకు దోపుకొని, చేతిలో లేని బ్యాటును నాలుగుసార్లు తిప్పి చూసుకుంది. చేపలు కొనకుండానే ఇంటికొచ్చాం.

సోమవారం నుంచి మాకు అదే పని. వెనక మడమ లేచి తిరగాలి, దాంతో తుంటి, ఆపైన భుజం, అన్నిటికన్నా చివర చేతులు. వారం పాటు బ్యాటు ముట్టనివ్వలేదు. ప్రహరీ మీదుగా ఇదంతా చూసిన చర్చి సంఘ పెద్ద ఒకాయన విసవిసా లోపలికొచ్చాడు. "ఏంది టీచరమ్మా, ఆడపిల్లలు నలుగురిలో నడుం తిప్పేదేంది? బడి కమిటీలో చెప్పి ఈ ఆట ఆపిస్తాను" అన్నాడు. అత్తయ్య ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం వినయంగానే, "అయ్యా, నీళ్ల బిందె మోసేది గూడా ఆ నడుమే గదండీ. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు? గూడూరులో మళ్లీ పోటీ ఉంది, మీరూ రండి. చూసినాక ఆపిద్దురుగాని" అంది.

ఆయన నిజంగానే వచ్చాడు. చివరి వంతుకు మేం ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. మా పిల్ల ఒకతె పరుగులో సగం దారి వచ్చి, రెండో బేసు మీద నిలబడి ఉంది. బ్యాటు నా చేతికొచ్చింది. మొదటి రెండు బంతులూ కంగారులో చేతులతోనే కొట్టబోయి పోగొట్టుకున్నాను. మూడోదీ పోతే నేను ఔటే. "నడుం!" అని అత్తయ్య కేక. మూడో బంతికి మడమ తిరిగింది, తుంటి తిరిగింది, బ్యాటు తనంతట తానే వచ్చింది. అరచేతులకు దెబ్బ తెలియనే లేదు. బంతి గోడ దాటి బయట నిమ్మకాయల బండి మీద పడింది. బండివాడి తిట్లు వినపడుతుండగానే ఇద్దరం లంగాలు ఎత్తిపట్టుకొని పరిగెత్తాం. రెండు పరుగులు. గెలిచాం.

స్టేషనులో సంఘ పెద్ద మా అందరికీ గోలీసోడా కొనిచ్చాడు. కమిటీ ఊసు మళ్లీ ఎత్తలేదు. అత్తయ్య నన్ను ఒక్క మాట మెచ్చుకోలేదు. "వెనక కాలు ఇంకొంచెం తిరగాల" అంది, అంతే. కానీ రైలు దిగేదాకా నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

ఆమె పోయేనాటి వయసును నేను దాటి చాలా కాలమైంది. అయినా ఆమె మాట చెప్పుకునేటప్పుడు, నేను మళ్లీ బ్యాటు పట్టుకున్న ఆ బడిపిల్లనే అయిపోతాను.