సగం మారిన అడ్రసు

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. స్క్రిప్టు తెరిచి చూడకుండానే ఒక మనిషిని అనుమానించాను. ఆ అనుమానాన్నే నిజమని రాసి మేనేజరుకు మెయిలు పంపాను.

2023, తిరుత్తణి మురుగన్ కొండకు కావళ్లు మోసే ఆడి కృత్తిక పండుగ మరునాడు. తిరువళ్లూరులో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కవరైపేట్టై దగ్గర ఒక ఫ్యాక్టరీలో లారీలు తూచే వేబ్రిడ్జికి ప్రోగ్రాం మేమే రాశాం. కొత్త వెర్షన్ వేసిన పొద్దున తూకం ఫ్యాక్టరీ సర్వరుకే పోతోంది, రసీదు మాత్రం రావడం లేదు. ప్రోగ్రాం రసీదు కోసం మా ఆఫీసులో పరీక్షలకు వాడే టెస్ట్ సర్వరును అడుగుతోంది. గేటు దగ్గర లారీలు ఆగిపోయాయి.

టెస్ట్ సర్వరు అడ్రసులు తీసి ఫ్యాక్టరీ సర్వరువి పెట్టేది బిల్డ్ స్క్రిప్టు, అంటే ప్రోగ్రామును కస్టమరుకు సిద్ధం చేసే ఆదేశాల పట్టీ. మెషిన్ సగం పని చేసి ఊరుకోదు, ఎవరో చేత్తో కెలికారనుకున్నాను.

ముందురోజు బిల్డ్ నడిపింది నళిని. తిరుత్తణి నుంచి రైల్లో వస్తుంది. ఇంకో నెలకు ఆమె ఉద్యోగం ఖాయం కావాలి. ఆఫీసులో తెలుగువాళ్లం మేమిద్దరమే. "మీ పిల్ల కదా, వెనకేసుకొస్తారులే" అని మిగతావాళ్లు దెప్పేవారు. ఆ మాట పడకూడదని అందరికన్నా ముందు నేనే ఆమెను నిలదీశాను.

"కావడికి పోయే తొందరలో ఫైల్లో యాడ చెయ్యి పెట్టినావు?"

"యాడా పెట్టలేదన్నా. స్క్రిప్టు నడిపినా, రైలెక్కినా."

"మరి ఒకటి మారి ఇంకోటి ఎట్ల మిగిలె?"

"అది స్క్రిప్టును అడగాల. తెరిచి చూసినారా మీరు?"

ఎదురు చెబుతోందంటే ఏదో దాస్తోందనిపించింది. మెయిలు చూసిన మేనేజరు, "సరి, ఈ నెలతో పంపించేద్దాం" అన్నాడు.

రుజువు కోసం అప్పుడు తెరిచాను స్క్రిప్టు. ఫైల్లో ఒక మాట తీసి ఇంకో మాట పెట్టే సెడ్ అనే కమాండు అందులో ఉంది. అది ఒక్కో వరసలో మొదటిసారి కనబడినదాన్నే మారుస్తుంది. అన్నీ మార్చాలంటే చివర g చేర్చాలి. చేర్చలేదు. ఇన్నాళ్లూ ఆ ఫైల్లో తూకం అడ్రసు ఒక వరసలో, రసీదు అడ్రసు ఇంకో వరసలో ఉండేవి కాబట్టి నడిచింది. కిందటి వారం చూడ్డానికి బాగుంటుందని ఆ రెంటినీ ఎవరో ఒకే వరసలోకి చేర్చారు. ఏ మార్పు ఎవరు చేశారో చూపే పట్టీలో, దాని పక్కన నా పేరుంది. ఆ సెడ్ లైను రాసిందీ నేనే.

g చేర్చి పంపాను. రసీదులు వచ్చాయి. మేనేజరుకు చెబితే, "మీ పిల్లని కాపాడటానికి తప్పు నెత్తిన వేసుకుంటున్నారా?" అన్నాడు. నా అనుమానమే తిరిగి నా మీదికొచ్చింది. అందర్నీ పిలిచి, పెద్ద స్క్రీన్ మీద ఆ లైనునూ నా పేరునూ చూపించాను. అందరి ముందే నళినిని క్షమించమని అడిగాను.

ఆమె ఉద్యోగం ఖాయమయింది. నన్ను అన్నా అని పిలవడం మాత్రం మానేసింది. ఇప్పుడు నా స్క్రిప్టుల్లో ఏ లైను మార్చినా ముందు ఆమెకు చూపిస్తాను. చివరిదాకా చదివి, "సరి సార్" అని ఇప్పుడు నాతోనూ తమిళంలోనే అంటుంది. ఆ తర్వాతే పంపుతాను.