తల్లి ఊపిరి మీద పాప

ఆ ఆఫీసులో అందరూ ఆవిణ్ణి వదిన అనే పిలిచేవారు, ఆవిడకంటే పెద్దవాళ్ళతో సహా. యాభై దాటిన మనిషి. కంప్యూటరు మీద బొమ్మల్ని కదిలించడం ఆవిడ పని. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే, "ఏముంది, కూర్చుంటాను" అనేది.

ఒకసారి పరుపుల కంపెనీవాళ్ళ ప్రకటన వచ్చింది. వెల్లకిలా పడుకున్న తల్లి, ఆమె గుండెల మీద బోర్లా నిద్రపోయే నెలల పాప. కిటికీ కర్టెను, పాప వేళ్ళు కాస్త ఆడినా, అందులో అసలు కదలిక ఊపిరే. వదిన చెల్లెలింటికి వెళ్ళి, బిడ్డను మీద వేసుకుని కునుకు తీస్తున్న చెల్లెల్ని చూస్తూ సోఫా పక్కన చతికిలబడింది.

"నిద్రలో కూడా వదలవా అక్కా? పోయి ఆ గిన్నెలైనా కడుగు" అని చెల్లెలు కళ్ళు తెరవకుండానే కసిరింది.

చూడగా చూడగా తేలిందేమంటే, పాప ఊపిరి పాపదే, చిన్నచిన్నగా, తొందరతొందరగా. కానీ తల్లి గుండె లేచినప్పుడల్లా పాప ఒళ్ళంతా దానితోనే లేస్తుంది. అందులో వెంట్రుకవాసి తేడా రాకూడదు. కదలిక ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తుల్ని కీఫ్రేములంటారు. తల్లివీ పాపవీ జతకలిపి ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చింది వదిన. పని పూర్తయ్యాక తెర ముందు తనే గొంతు తగ్గించి మాట్లాడేది, పాప లేస్తుందేమోనన్నట్టు.

కొత్త సూపర్‌వైజరు దగ్గర స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాము ఒకటి ఉంది. మీట నొక్కితే చాలు, కీఫ్రేములన్నీ ఇష్టమొచ్చినట్టు కాస్త ముందుకీ కాస్త వెనక్కీ జరిగిపోతాయి. చప్పట్లు కొట్టే జనం బొమ్మలకి అది బంగారం లాంటిది. లేకపోతే వేలమంది ఒక్కసారే చేతులు కలిపి కవాతు చేస్తున్నట్టుంటారు. వదిన కూడా ఎన్నోసార్లు వాడింది. ఈయన మాత్రం తలనొప్పికీ కాలిబెణుకుకీ ఒకటే మందు పూసే రకం.

"మరీ పద్ధతిగా ఉంది వదినా. కాస్త చెదరగొడితే సహజంగా ఉంటుంది" అంటూ బిస్కెట్ పొడి అంటిన వేళ్ళతో ఆవిడ మౌసు లాక్కుని నొక్కేశాడు.

పాప చెంప తల్లి పక్కటెముకల్లోకి దిగబడింది. బురదలోంచి కాలు పీకినట్టు పైకొచ్చింది. మళ్ళీ దిగబడింది. వదిన తెర వైపు వేలు చూపించింది.

"పాప లోపలికి పోతోంది బాబూ!"

"ఎక్కడ? ఫోనులో చూసేవాళ్ళకి అవన్నీ కనబడతాయా? ఇదిగో, స్క్రిప్టు వేశాక ఎవరూ చెయ్యి పెట్టొద్దు. పెట్టారని తెలిస్తే మళ్ళీ వేస్తా."

అని భోజనానికి వెళ్ళిపోయాడు. వదిన అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. తెర మీది రోత కంటే, దాన్ని చూసి సహజమన్న ఆ నోరే ఎక్కువ అసహ్యం పుట్టించింది. కొంగుతో మౌసు తుడిచింది. ఆయన తిరిగొచ్చేలోగా కర్టెన్నూ పాప వేళ్ళనూ చెదిరినట్టే వదిలేసి, తల్లినీ పాపనీ మాత్రం మళ్ళీ జతకలిపింది.

మధ్యాహ్నం పరుపుల కంపెనీ ఆవిడ వచ్చి, తెర మీదికి వంగి చూసి, "అబ్బ! అచ్చం నిద్రపోతున్నట్టే ఉన్నారు" అంది.

"మా స్క్రిప్టు మహిమండీ" అన్నాడు సూపర్‌వైజరు, కుర్చీ వెనక్కి వాల్చి. తేడా ఆయనకి తెలియనే లేదు. "వదినా, పొద్దున తెగ గొడవ చేశారుగా. ఇప్పుడేమంటారు?"

గదిలో అందరూ ఇటు తిరిగారు. ఆయన చెయ్యి మౌసు మీదే ఉంది. నిజం చెబితే, పంతం కోసమైనా మరోసారి నొక్కుతాడు. పాప మళ్ళీ ఎముకల్లోకి పోతుంది.

"మీదే కరెక్టు" అంది వదిన.

"గట్టిగా చెప్పండి, వెనకవాళ్ళకి వినబడలేదట!"

నవ్వులు.

"మీదే కరెక్టు బాబూ. స్క్రిప్టు వల్లే బాగుంది."

"అయితే ఇక మార్చకండి, ఇదే పంపేయండి" అంది కంపెనీ ఆవిడ. ఆయన పంపేశాడు.

వదిన లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి నోరు పుక్కిలించింది. పక్కసీటు అమ్మాయి వెనకే వచ్చి, "ఏమైంది వదినా, తిన్నది పడలేదా?" అని అడిగింది.

"తిననే లేదమ్మా" అని, మళ్ళీ దోసిట్లోకి నీళ్ళు పట్టింది.