పిందెకు చూపిన వేలు

మొన్న మా కరీంనగర్ ఇంటి మిద్దె మీద కుండీల్లో పొట్టి బీన్సు పిందె పట్టిందని మురిసిపోతుంటే, కిందింట్లో కొత్తగా దిగినావిడ బట్టలారేయడానికి వచ్చి, "గివి బీన్సా ఆంటీ?" అని చూపుడువేలు చాపింది. ఆమె మెట్లు దిగేదాకా ఆగి పిందెలన్నీ వంగి చూసుకున్నాను. లేత పిందెకు వేలు చూపితే కుళ్లి రాలుతుందని, చూపక తప్పకపోతే వేలు మడిచి చూపాలని విని పెరిగినవాళ్లం, మన ఈడువాళ్లు నన్ను చూసి నవ్వరులెండి.

నా చిన్నప్పుడు మంచిర్యాలలో మా పెరటికీ పక్కింటి పెద్దమ్మ పెరటికీ నడుమ కంపదడి, దానికొక సందు ఉండేవి. కూర గిన్నెలు, ముచ్చట్లు అన్నీ ఆ సందులోంచే నడిచేవి. పందిరి అక్కరలేకుండా మోకాలెత్తులో కాసే ఆ బీన్సు గింజలను పెద్దమ్మే పుట్టింటి నుంచి తెచ్చి మా అవ్వ కొంగులో పోసి, "ఇప్పుడే పెట్టకు చెల్లె, ఎండకు పూత ఆగది, దసరా దాటనియ్యి" అన్నది. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం, ఆమెకు ప్రతిదీ అనుమానమే. మన పెరడు ముందు కాస్తే ఆమెకు కడుపుమంట అనుకొని, ఉగాది వెళ్లగానే సగం గింజలు నాటేసింది.

పూత వచ్చింది, నాలుగు పిందెలూ దిగాయి. ఒకనాడు పెద్దమ్మ దడి మీదుగా వేలు చాపి, మొదళ్లకు నీడ కట్టమని చెప్పింది. వారం తిరగకుండా పూతా పిందే రాలిపోయాయి. అవ్వ తుమ్మకంప తెచ్చి సందు బిగించేసింది. ఎండ సంగతి చెప్పబోయిన బాపు మీద కూడా "నువ్వు గామె దిక్కే మాట్లాడ్తవ్" అని లేచింది. పెద్దమ్మ చాలా రోజులు గిన్నె పట్టుకొని దడి అవతల నిలబడి "చెల్లె" అని పిలిచేది. అవ్వ పలికేది కాదు. ఎన్ని పిందెలు దిగాయోనని రోజూ పొద్దున్నే వేలు పెట్టి లెక్కపెట్టింది నేనేనని, వీపు పగులుతుందనే భయంతో నేను చెప్పలేదు.

దసరా దాటాక అవ్వ మిగిలిన గింజలను మాటామంతీ లేకుండా నాటింది. కొమ్మలు వంగేట్టు కాశాయి. మొదటి కోత గిన్నెనిండా పోసి, దడి వైపు చూడకుండా, వీధి గుమ్మం నుంచి నన్ను పెద్దమ్మ ఇంటికి పంపింది. ఎన్నడూ ఉత్త గిన్నె తిప్పి పంపని మనిషి, చిటికెడు పసుపైనా వేసి ఇచ్చే పెద్దమ్మ, ఆ రోజు గిన్నెను శుభ్రంగా కడిగి, తుడిచి, ఖాళీగా నా చేతికిచ్చింది. అవ్వ దాన్ని బోర్లించి చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. వేలు పెట్టింది నేనేనని అప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు దడులు పోయి ప్రహరీలు వచ్చాయి, గిన్నెలు నడిచే సందులు ఎక్కడా లేవు. నిన్న మా కుండీలో ఒక పిందె రాలింది. కిందింటావిడను తిట్టుకోబోయి, నా చెయ్యి చూసుకున్నాను. లెక్కపెడుతున్న వేలు ఇంకా చాచే ఉంది.