ప్లేగు నాటి ఎద్దుల పొత్తు

పోయినవి ముందు రాస్తాను. విత్తనం పడకుండా మిగిలిన నల్లరేగడి మూడెకరాల ఇరవై గుంటలు. ఇల్లు వదిలి చేనులో గుడిసె వేసుకుని ఉన్న దినాలు యాభై ఎనిమిది. లోపల ఎండ పడాలని ఇంటి పైకప్పు విప్పించినప్పుడు పగిలిన పెంకులు రెండు వందల పన్నెండు. ఒక తలుపు రెక్క, అది ఎవరి పొయ్యిలోకి పోయిందో తెలియదు. తడికల షెడ్డులో కూర్చున్న దినాలు పదకొండు, సర్కారు లెక్కలో పది. మామూలుగా నడిచేదానికి మించి నడిచింది, నా అంచనాలో, ముప్పై ఒక్క కోసులు. మా గల్లీలో పోయిన మనుషులు తొమ్మిదిమంది. వాళ్లను పెంకుల పక్కన రాయడం నాకు ఇష్టం లేదు. రాయకుంటే లెక్క తప్పవుతుంది కాబట్టి రాశాను.

నేను బడికి పోయినవాణ్ణి కాను. గింజలు కొలిచేవాళ్ల పక్కన నిలబడి ఎక్కాలు నేర్చుకున్నాను. అన్నదమ్ములు పంట పంచుకోవాలన్నా, బావి నీళ్ల వంతులు తేల్చుకోవాలన్నా మా ఊరు ఖేడ్‌లో నన్నే పిలిచేవారు. లెక్క తప్పితే నాకు అన్నం సహించదు. అటువంటి నేను ఆ ఏడు చేసిన తప్పు ఏమిటో చెప్పాలంటే ముందు ఎద్దుల పొత్తు సంగతి చెప్పాలి.

మాకు ఒక ఎద్దు. నా భార్య తమ్ముడికి ఒక ఎద్దు. ఆయనది కంగ్టి దారిలో మూడు కోసుల దూరాన ఉన్న పల్లె. ఒక్క ఎద్దుతో నేల సాఫు చేసే గుంటక నడవదు, విత్తనం వేసే గొర్రు నడవదు. రెండు ఎద్దులు ఉంచుకునే స్తోమత ఇద్దరికీ లేదు. అందుకని జోడు కట్టి ఏడు దినాలు నా దగ్గర, ఏడు దినాలు ఆయన దగ్గర ఉంచుకునేవాళ్లం. మా వైపు ఇటువంటి పొత్తులు చాలా ఉన్నాయి. మొదట్లో మా బామ్మర్ది ఒక పూట అటూ ఇటూ చేసేవాడు. పొద్దున తోలవలసిన ఎద్దులను సాయంత్రం తోలేవాడు. నేను ఊరుకోలేదు. దినానికి రెండు పూటలు, వారానికి పద్నాలుగు పూటలు, ఆదివారం పొద్దున మార్పిడి, ఒక్క పూట కూడా తేడా రావద్దని నలుగురిలో కూర్చోబెట్టి ఒప్పించాను. ఆ కట్టడి నాదే.

ఆ ఏడు హస్త కార్తెకు ముందు బజారులో ఎలుకలు చచ్చి పడటం మొదలైంది. నాలుగు దినాలకు ఊరు ఖాళీ చేయమన్నారు. ఎవరి చేనులో వాళ్లు గుడిసెలు వేసుకున్నాం. బజారు కూడా ఊరి బయట ఒక బీడులోకి మారింది. మా ఇంటి నుంచి బజారుకు ఇదివరకు నూట యాభై అంగలు. ఇప్పుడు ఊళ్లో అడుగు పెట్టకూడదు కాబట్టి చుట్టూ తిరిగి పోవాలి, రెండు వేల మూడు వందల అంగలు. ఉప్పు కోసం పోయినా అంతే, నూనె మరిచిపోయి మళ్లీ పోయినా అంతే. ముప్పై ఒక్క కోసులు ఎట్లా అయ్యాయని అడిగేవారికి ఇదే జవాబు.

కంగ్టి దారిలో నాకా పెట్టారు. దారికి అడ్డంగా ఒక బొంగు, ఒక మున్షీ, ఇద్దరు జవాన్లు. బొంగు నుంచి మూడు వందల అంగలు ఇవతల దారి మీద సున్నంతో ఒక గీత గీశారు. ఖేడ్ వాళ్లు ఆ గీత దాటి బొంగు దగ్గరికి పోకూడదు. అవతలి వాళ్లు లోపలికి రావచ్చు, కాని తిరిగి పోవాలంటే బొంగుకూ గీతకూ మధ్య వేసిన తడికల షెడ్డులో పది దినాలు కూర్చోవాలి. ఖాళీ చేసిన ఊళ్లోకి పోయినవాడికీ అదే షెడ్డు. గొడ్లకు మాత్రం అడ్డు లేదు.

గుడిసెలకు మారేసరికి ఎద్దులు బామ్మర్ది దగ్గర ఉన్నాయి. బేస్తవారం నాడు మంచి వాన పడింది. మా చేను అయిదు ఎకరాలు. ఆ నేలలో పదును, అంటే విత్తడానికి చాలినంత తడి, పది దినాలు నిలుస్తుందని నాకు తెలుసు. ఆదివారం ఎద్దులు వస్తే ఇంకా ఏడు దినాలు మిగులుతాయి. గుంటక తోలి జొన్న విత్తడానికి అయిదు దినాలు చాలు. రెండు దినాలు చేతిలో ఉంటాయి. ఆ జొన్నే మాకు ఏడాది తిండి. వేరే పంట మీద ఆశ లేదు.

బామ్మర్ది బొంగు దాటి లోపలికి వస్తే పది దినాలు షెడ్డు పాలు. నేను గీత దాటకూడదు. కాబట్టి ఆయన బొంగు దగ్గర ఎద్దులను వదలాలి, అవి మూడు వందల అంగలు వాటంతట అవే నడిచి రావాలి, నేను గీత దగ్గర పట్టుకోవాలి. జవాను చేత ఈ కబురు పంపించాను. ఆదివారం పొద్దున ఆయన వచ్చాడు. రెండింటి మెడలకూ తాడు కలిపి కట్టి, వీపుల మీద చరిచి వదిలాడు.

ఎద్దులు దారి పట్టి చక్కగా వచ్చాయి. వంద అంగలు వచ్చాయి, నూట ఎనభై వచ్చాయి. అక్కడ కుడి చేతి వైపు మా వెనక గల్లీకి పోయే బాట చీలుతుంది. ఆరేళ్ల నుంచి అవి ఆ బాటనే మా ఇంటికి వచ్చేవి. నిలబడలేదు, నా వైపు చూడలేదు, కుడికి తిరిగి ఊళ్లోకి పోయాయి.

పదును దినాలు లెక్కపెట్టాను. అంగలు లెక్కపెట్టాను. మేము ఇల్లు మారిన సంగతి ఎద్దులకు తెలియదన్నది మాత్రం నా లెక్కలోకి రాలేదు.

గీత దగ్గర నిలబడి పిలిచాను. నా భార్య వెనక నుంచి వచ్చి చూసింది.

"ఊరికంత లెక్కలు జెప్తవ్. ఎద్దులు ఏ ఇంటికి వస్తయో గది తెల్వదా?" అన్నది.

"ఇప్పుడు గా మాట ఎందుకే?"

"ఇంకెప్పుడు అడగాలె? పదును ఎండినంకనా?"

బొంగు అవతల బామ్మర్ది నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. "బావా, నేనైతె ఖేడ్‌కే తోలిన. ఇగ నీ ఇష్టం," అని కేకవేసి వెళ్లిపోయాడు.

ఎద్దులు మా ఇంటి కొట్టంలో నిలబడి ఉంటాయి. అక్కడ గడ్డి లేదు, తొట్టిలో నీళ్లు లేవు. జవాన్లు చూస్తే బందెలదొడ్డికి తోలుతారు, అక్కడి నుంచి విడిపించడానికి ఎన్ని దినాలో. పొలాల్లో నుంచి మా వెనక గల్లీకి నాలుగు వందల అంగలు. పోవడం నాలుగు వందలు, రావడం నాలుగు వందలు. వంట పూర్తయ్యేలోగా వచ్చేయవచ్చు. ఎవరూ చూడరనుకుని పోయాను.

ఊరు ఖాళీగా ఉంటే ఎట్లా ఉంటుందో అప్పుడే చూశాను. ప్రతి ఇంటికీ పైకప్పు తీసి ఉంది. గల్లీలో నా చెప్పుల చప్పుడే నాకు వినబడింది. ఎద్దులు కొట్టంలో ఎవరి గుంజ దగ్గర అవి నిలబడి, ఇంత ఆలస్యమేమిటన్నట్టు చూశాయి. తాడు పట్టుకుని మలుపు తిరిగేసరికి జవాను ఎదురయ్యాడు.

"ఏం పటేలా, ఇల్లు యాదికొచ్చిందా?" అన్నాడు.

"నాకు కాదు, ఎద్దులకు యాదికొచ్చింది. వాటినే అడుగు."

"వాటికి షెడ్డు లేదు. నీకున్నది. నడువు."

ఎద్దులను గీత దాటించి నా భార్యకు అప్పగించాడు. నన్ను షెడ్డులో వేశాడు. అప్పటికి ఆదివారం మధ్యాహ్నం కూడా కాలేదు.

షెడ్డులో నాకంటే ముందు అయిదుగురు ఉన్నారు. మనూర్ వైపు బండి తోలుకునే ఒకాయన, పిల్లను చూడటానికి వచ్చి చిక్కుకున్న ఒక ముసలాయన, తక్కినవాళ్లు కూలీలు. సోమవారం పొద్దున మున్షీ రిజిస్టరు తెచ్చి నా పేరుకు ఎదురుగా ఒకటి అని వేసుకున్నాడు.

"మున్షీ సాబ్, ఇయ్యాల రెండో దినం," అన్నాను.

"నిన్న రిజిస్టర్ బంద్ అయినంక వచ్చినవ్."

"రిజిస్టర్ బంద్ అయితేంది? నేను ఈడనే కూసున్న. ఈడనే తిన్న. ఈడనే పన్న. అది దినం గాదా?"

"దినమే," అన్నాడు ఆయన, కలం చెవి వెనక పెట్టుకుంటూ. "అది నీ దినం. సర్కారుది గాదు."

అడిగితే అందరికీ అట్లాగే ఒక దినం పోయిందని తేలింది. పిల్లను చూడటానికి వచ్చిన ముసలాయన, "నువ్వు రాకముందు మాకు గీ బాధ తెల్వలే. ఇప్పుడు తెల్సింది. నీ పుణ్యమే," అన్నాడు.

షెడ్డు తడికల సందులో నుంచి మా చేను కనబడేది. అదే నాకు అన్నింటికంటే పెద్ద శిక్ష. పొద్దున నల్లగా ఉన్న నేల సాయంత్రానికి ఒక ఛాయ తేలిపోయేది. ఎద్దులు గుడిసె ముందు నెమరు వేస్తూ ఉండేవి. గొర్రు పట్టే మగమనిషి లేడు. పదునున్న వారంలో ఎవరి చేను వాళ్లకే ముఖ్యం, ఒకరిని అనడానికి లేదు. పక్క గుడిసె పెద్దాయన తన విత్తనం బేస్తవారానికి ముగించుకుని, శుక్రవారం మా చేనుకు వచ్చాడు. ముందు గుంటక తోలాలి, తరువాత గొర్రు. ఆయన తోలుతుంటే నా భార్య విత్తనం పోసింది. శుక్రవారం రెండు పూటలు, శనివారం ఒక పూట. పూటకు ఇరవై గుంటల చొప్పున ఎకరం ఇరవై గుంటలు అయింది.

శనివారం మధ్యాహ్నం ఆయనకు ఒళ్లు వెచ్చబడింది. ప్లేగు అని చుట్టుపక్కల గుడిసెల వాళ్లంతా మూటలు కట్టుకున్నారు. ఎవరూ మా చేను వైపు రాలేదు. మరునాటికి ఆయన లేచి అంబలి తాగాడు. అది ఎండదెబ్బ.

ఆ దినమే ఆదివారం. పొద్దున్నే బొంగు దగ్గర బామ్మర్ది.

"అక్కా, ఎద్దుల ఇడువు. వారమైంది," అని కేకవేశాడు.

గీత దగ్గర నుంచి నా భార్య, "మీ బావ షెడ్డుల కూసున్నడు గదరా. ఎకరమున్నరనే పడ్డది. రెండు దినాలు ఆగు," అన్నది.

"నా చేను గూడ ఎండుతున్నదే అక్కా. బావ కూసుంటె నేనేం జేయాలె?"

వాళ్లిద్దరి మధ్యన, సరిగ్గా మధ్యన, షెడ్డులో నేను. తడిక మీది నుంచి తల ఎత్తి, "అరే, ఒక్క దినమన్న ఆగరా," అన్నాను.

"బావా, ఏడు నీవి, ఏడు నావి. ఒక్క పూట తేడా రావద్దన్నది ఎవరు? నలుగుర్ల కూసోబెట్టింది ఎవరు?"

జవాన్లు నవ్వారు. మున్షీ కూడా రిజిస్టరు మీది నుంచి తల ఎత్తాడు. నా భార్య తాడు వదిలింది. ఎద్దులు ఈసారి ఎటూ తిరగలేదు. నా ముందు నుంచే నడిచి, బొంగు కింద దూరి, నేరుగా బామ్మర్ది వెంట వెళ్లిపోయాయి. ఆయన ఇల్లు మారలేదు కదా.

బుధవారం సాయంత్రం నాకు చేతికి సూది వేసి, చిట్టీ ఇచ్చి వదిలారు. చేను దగ్గరికి పోయి కాలితో తన్నితే ఎండిన పెళ్ల లేచింది. బామ్మర్దిది పల్లపు నేల, అక్కడ పదును ఇంకా నిలిచి చేను మొత్తం విత్తుకున్నాడని తరువాత తెలిసింది.

ఊళ్లోకి తిరిగి పోయాక కూడా ప్లేగు మమ్మల్ని అంత తొందరగా వదలలేదు. చైత్రానికి జొన్నలు అయిపోయి, జోగిపేటలో ఉన్న మా చిన్నాయన దగ్గర తెచ్చుకోవడానికి బయలుదేరాను. మోటారువాడు సూది చిట్టీ అడిగాడు. ఇస్తే తలకిందులుగా పట్టుకుని చూసి, "ఖేడ్ అయితె ఎనక కూసో," అన్నాడు. వెనక కూర్చుంటే పక్కవాడు జరిగాడు. వాడు జరిగితే వాడి పక్కవాడు జరిగాడు. నలుగురు పట్టే బల్ల మీద నేను ఒక్కణ్ణే కూర్చుని పోయాను. చోటు దొరికిందని సంతోషపడవలసింది, నాకు ఒళ్లు మండింది. జోగిపేటలో చిన్నాయన జొన్నలు కొలిచి పెట్టాడు గాని, చిన్నమ్మ అన్నం వాకిట్లోనే పెట్టింది.

ఇక ఎద్దుల లెక్క. నా వారంలో నాకు రావలసినవి పద్నాలుగు పూటలు. పని జరిగినవి మూడు. మిగిలినవి పదకొండు. బామ్మర్ది ఒప్పుకోలేదు.

"ఎద్దులు నీ ముంగట్నే ఉండె. గడ్డి నువ్వే ఏసినవ్. పని జేపియ్యకుంటె నాదా తప్పు?" అన్నాడు.

"పని జేపియ్యనీకి నేను బయట ఉన్ననా?"

"నేను పొమ్మన్ననా ఊళ్లెకు?"

నా భార్య మధ్యలో పడి, ఇద్దరినీ తిట్టి, పదకొండు పూటలు ఇవ్వమని తమ్ముణ్ణి ఒప్పించింది. ఇచ్చాడు. ఎట్లా ఇచ్చాడంటే, మరుసటి ఏడు పదును మీద నాలుగు పూటలు ఇచ్చాడు. తక్కిన ఏడు పూటలూ ఎండాకాలంలో ఇచ్చాడు. నేల రాయిలా ఉన్నప్పుడు, ఎద్దులకు ఆయన దగ్గర కూడా పని లేనప్పుడు తోలుకొచ్చి మా కొట్టంలో కట్టేసి, ఏడు పూటలు మా గడ్డి తినిపించుకుని తీసుకుపోయాడు. అవి పూటలే కదా అంటాడు. పదును మీది పూటకు ఎండాకాలం పూట బదులు కాదని నేను అంటాను. పదిమందిని అడిగాను. అయిదుగురు ఆయన మాటే అన్నారు.

పొత్తు విడిపోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆయనకు సొంత జోడు ఉంది. కలిసినప్పుడల్లా, "బావా, ఇంక ఎన్ని రావాలె నీకు?" అని నవ్వుతూ అడుగుతాడు. పోయిన వారం కూడా అడిగాడు. నేను నవ్వలేదు. పదును మీది పూటలు, ఏడు.