గోలెంలో రెండు పిడికిళ్ల ఉప్పు

మా చిన్నప్పుడు సిరొంచలో నాటకం పట్టపగలు వేసేవాళ్లు... నవ్వకండి, నిజమే. అప్పటికి గోదారి మీద వంతెన లేదు. అవతలి ఒడ్డు నుంచి వచ్చిన చుట్టాలు పొద్దు ఉండగానే పడవ ఎక్కాలి కదా. అందుకని బడి హాలు కిటికీలకు గోనెపట్టాలు కట్టి, రేకుల కంతల్లో పాతగుడ్డలు కుక్కి, మధ్యాహ్నం పూటే చీకటి చేసుకునేవాళ్లం.

ఆ చీకట్లో వెలుగంతా మా పోచం కాకాది. మా బాపుకు, అంటే నాన్నకు, తమ్ముడు. నూనె డబ్బాలు కోసి, లోపల బల్బు పెట్టి లైట్లు తయారుచేసేవాడు. వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ ఒక మట్టి గోలెం నిండా ఉప్పునీళ్లు... గోలెం అడుగున ఒక రేకుముక్క, పైన తాడుకు వేలాడేది ఇంకొకటి, రెండింటికీ కరెంటు తీగలు. పై రేకును నీళ్లలోకి దింపితే వెలుగు పెరిగేది, పైకి లాగితే మెల్లగా మసకబారేది. రబ్బరు చెప్పులేసుకుని, చెక్కపీట మీద నిలబడి ఆ తాడు పట్టుకునేవాడు. మీరెవరూ ఇలాంటివి చేయకండి.

ఉప్పు కొలిచి కలిపేది కాకా దోస్తు రాజన్న. "జర ఎక్కువైనా తాడు మన మాట ఇనదు" అని చేత్తో గిద్ద పట్టుకుని మరీ చెప్పేవాడు.

ఆ ఏడు నాటకంలో నాది ప్రాణహిత నది వేషం. అమ్మ తెల్లచీర, ముఖం నిండా పౌడరు. సునీతది రాణి వేషం, ముదురు ఎర్రచీర. సునీత ఎవరనుకున్నారు... కిరాణా సేటు బిడ్డ. గోలెంలో వేసే దొడ్డుప్పు ఆ సేటే ఊరికే ఇచ్చేవాడు.

నాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. అమ్మ సర్వపిండి పెడితే తమ్ముడి ముక్క పక్కన నాది పెట్టి చూసుకునేదాన్ని. అలాంటిదాన్ని, రిహార్సల్లో ఊరుకుంటానా? సునీత వస్తే కాకా తాడు మొత్తం వదిలేసేవాడు, రాణి ధగధగా మెరిసిపోయేది. నేను వస్తే సగమే... అదీ పక్కనుంచి. మొదటిరోజు పొరపాటు అనుకున్నాను. మూడోరోజుకు ఖాయం చేసుకున్నాను. సేటు ఉప్పు ఊరికే ఎందుకిస్తాడు?

పైగా ఒకరోజు కాకా మా నాయనమ్మను చెయ్యి పట్టుకుని హాలుకు తీసుకెళ్లాడు. ఎందుకో నాకు చెప్పలేదు. అదీ అనుమానమే.

నా దుఃఖమంతా నాయనమ్మ గురించే. ఆమెకు రెండు కళ్లలోనూ మోతిబిందు, అదే శుక్లాలు. ఆపరేషన్ అంటే భయం. "ముందుగాల నీ ఆట సూస్త బిడ్డా, ఎన్కశీరి కండ్లు ఉంటయో పోతయో" అనేది. ఆ మసక వెలుగులో ఆమెకు నేనెట్లా కనిపిస్తాను?

ఉండబట్టలేక అడిగేశాను. "కాకా, నాకు సగం లైటే ఎందుకు పెడుతున్నవ్?"

"నీకు తెల్వది, ఊకో" అని నవ్వాడు. ఆ నవ్వుతో నా అనుమానం ఇంకా గట్టిపడింది.

నాటకం రోజు హాలు నిండింది. ఇంకా స్విచ్ వెయ్యలేదు, కాకా, రాజన్న ఇద్దరూ చాయ్‌కి వెళ్లారు. ఉప్పు ఎక్కువైతే సగం తాడుకే పూర్తి వెలుగు వస్తుందని, కొంగులో మూటకట్టి తెచ్చుకున్న దొడ్డుప్పు రెండు పిడికిళ్లు గోలెంలో పోసి, కర్రతో కలిపి, ఏమీ ఎరగనట్టు వెళ్లి నిలబడ్డాను.

సునీతకు ఎలాగూ పూర్తి వెలుగే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. నా వంతు వచ్చింది. కాకా తాడు సగం దింపాడు... లైటు భగ్గుమంది. పైకి లాగాడు, తగ్గలేదు. రేకు కొస మునిగినా అదే మంట, బయటికి తీస్తే కటిక చీకటి. జనం ఈలలు. నేను మాత్రం సంబరంగా చేతులు చాచి నా నాలుగు మాటలూ చెప్పేశాను... నాయనమ్మ ముందు వరసలోనే ఉంది కదా అని.

ఇంటికొచ్చి అడిగాను. "ఎట్లున్న నాయినమ్మా?"

"ఏమో బిడ్డా... తెల్లగ మంట తప్ప ఏం కానరాలె. కండ్లు మూసుకున్న. నీ గొంతైతె ఇన్న."

పక్కనే గోడకు ఆనుకుని కాకా. "తెల్లచీర మీద ఫుల్లు లైటు వడితె మొఖం కనవడదమ్మా. నీ కండ్లకు ఎక్కువ ఎలుగు అస్సలే వడదు. అందుకేనాయె, నిన్ను హాల్ల కూసుండవెట్టి, ఎంత ఎలుగుల కనవడతదో అడిగి గంతే పెట్టిన" అన్నాడు. "కొలత రాజన్నది. ఇగ నేనెవల్ని అనాలె?"

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. దెబ్బలకు భయపడ్డాను.

రాజన్న తన కొలత తప్పలేదని ఒట్టేశాడు. కాకా నమ్మలేదు, ఇద్దరికీ మాటలు తెగిపోయాయి. ఉప్పు కొలిచి కలిపే మనిషి లేక ఆ నాటకం మళ్లీ పడలేదు. నాయనమ్మ ఆపరేషన్ బాగానే జరిగింది, నా ముఖం కళ్లారా చూసింది... నా ప్రాణహితను మాత్రం చూడలేదు.

ఇప్పుడు వంతెన వచ్చింది. రిమోటు నొక్కితే రంగులు మారే లైట్లొచ్చాయి. మొన్న మా అబ్బాయి బడి గ్యాదరింగ్‌లో, అదే వార్షికోత్సవంలో, తెల్ల గౌను వేసుకున్న ఒక పిల్ల మీద లైట్లన్నీ వేసేశారు, ముఖమే లేదు. లేచి వెళ్లి, కొంచెం తగ్గించమని లైట్ల అబ్బాయిని అడిగాను. "మీ పాపనా?" అని నన్ను అనుమానంగా చూశాడు. కాదన్నాను. సరిగ్గా అలాగే చూసేదాన్ని నేను కూడా.

కాకా, రాజన్న ఈనాటికీ ఒకే హోటల్లో చాయ్ తాగుతారు... వేరువేరు బల్లల మీద. పాతికేళ్లు దాటింది.

ఎవరి మీదనో పడ్డ నింద నిజానికి మీకు చెందాల్సిందని తెలిసీ నోరు మూసుకున్న రోజు మీకూ ఉంటే, ఇక్కడ కింద రాసి ఆ బరువు దింపేసుకోండి. నాది ముందు...

కాకా, నువ్వు రోజూ పొద్దున్నే ఫోన్లో ఇవన్నీ చదువుతావని తెలుసు. రాజన్న కొలత తప్పలేదు. ఆ ఉప్పు నేనే వేశాను. ఇవాళ చాయ్ ఆయన బల్ల మీద తాగు.