ఒక్కో మిషన్‌కు ఒక్కో సూది

మా మేనత్తను మొయినాబాద్ కుట్టు షెడ్డు యజమాని చంపాడు. రెండు చేతులతో తోశాడు. ఆమె తల మిషన్ ఇనుప కాళ్లకు కొట్టుకుంది. మూడో రోజు పొద్దున దవాఖానలో ప్రాణం పోయింది. "ముసలామె, కాలు జారింది" అని వాడు అందరికీ చెప్పుకుంటున్నాడు. అత్త కాలు జారలేదు. అక్కడే పనిచేసే మా అక్క పక్క మిషన్ ముందు కూర్చుని కళ్లారా చూసింది.

ఆమెను తెలియనివాళ్లకు చెబుతున్నాను. చేవెళ్లలో అత్త ఇంటి ముందు ఎప్పుడూ రెండు మూడు పాత నల్ల మిషన్లు ఉండేవి. ఆలూరు నుంచి, శంకర్‌పల్లి నుంచి ఆటోల్లో ఎక్కించి తెచ్చేవాళ్లు. కుట్టు తప్పుతోందని, సూదులు విరుగుతున్నాయని ఏడుపు. అత్త కంపెనీ పేరు అడిగేది కాదు. ఉన్న సూదిని తీసి, దాని మొదలును వేళ్ల మధ్య తిప్పి చూసేది: ఒక పక్క చదునుగా ఉందా, చుట్టూ గుండ్రమా? కొత్తదాన్ని పక్కన పెట్టి పొడవు కొలిచేది. బిగించాక పెడల్ తొక్కనిచ్చేది కాదు. చక్రాన్ని చేత్తో ఒక్క చుట్టు, మెల్లగా తిప్పి చెవి పెట్టేది. లోపల టక్కుమంటే సూది పొడవెక్కువ. చప్పుడు లేకుండా కుట్టు తప్పితే పొట్టి.

"మొగుణ్ణి సూడకుండ చేసుకున్నవ్, సూదినన్న సూసి పెట్టుకో బిడ్డా" అనేది. వచ్చినామె నవ్వకుండా ఉండలేకపోయేది.

నేను కరపత్రాలు చదివి ఊగిపోతున్న రోజులవి. అందరూ సమానమన్నాను. పట్నం నుంచి ఒకే రకం సూదులు తెచ్చి వాడంతా పంచాను. అత్త మిషన్‌కూ ఒకటి పెట్టి, ఆమె వద్దంటున్నా కసిగా తొక్కాను. సూది ఫట్‌మని విరిగి, ముక్క నా కంటి కింద దిగింది. అత్త నా గడ్డం పట్టుకొని పటకారుతో లాగింది. నెత్తురు చొక్కా మీద కారింది.

"సమానమంటే అందరికి ఒక్కటే సూది గుచ్చుడు కాదు, లీడర్ సాబ్. ఎవ్వరి మిషన్ కడుపుల ఏమున్నదో సూడాలె. నీ కోపం గూడ మోటరు లెక్కనే ఉన్నది. జర చక్రం మీద చెయ్యి పెట్టు."

ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

నేను తెలివితక్కువతో చేసిన తప్పునే షెడ్డు యజమాని లాభం కోసం చేశాడు. ఊళ్ల నుంచి పది పాత మిషన్లు పోగేశాడు, మోటర్లు బిగించాడు, అన్నిటికీ ఒకే డబ్బా సూదులు వేశాడు. ఈమధ్య ఒకటి విరిగి మా అక్క వేలి గోరులోంచి దూసుకుపోయింది. గుడ్డ చుట్టి కుట్టమన్నాడు.

మర్నాడు పొద్దున్నే అత్త తన సూదుల పెట్టెతో వెళ్లింది. కరెంటు ఆపేసింది. మూడు మిషన్లకు సరైన సూదులు వేసి, నాలుగోదాని ముందు కూర్చుంది. అప్పుడు వాడొచ్చాడు.

"ఎవర్నడిగి కరెంటు బంద్ చేసినవ్?"

"మిషన్లు అడిగినయి, సేటూ."

"ఆర్డర్ ఇయ్యాల పోవాలె. లెవ్వు!"

"పిల్ల వేలు సూసినవా? ఈ ఒక్క చుట్టు తిప్పి లేస్త."

ఆ ఒక్క చుట్టు తిప్పనివ్వలేదు. తోశాడు. సూదులన్నీ ఆమె చుట్టూ చెల్లాచెదురయ్యాయి.

అత్తను మట్టిలో పెట్టిన రోజే నేను ఇనుప రాడ్డు పట్టుకొని షెడ్డుకు బయలుదేరాను. వాడి తల పగలగొట్టాలనే వెళ్లాను, దాచడానికేం లేదు. మా అక్క దారికి అడ్డం నిలబడి, కట్టు కట్టిన చేత్తోనే రాడ్డు పట్టుకుంది. "అత్త నీకేం జెప్పింది?" అంది. కట్టు ఎర్రబడింది. నేను రాడ్డు వదిలేశాను. కోపాన్ని వదల్లేదు.

ఆరు మిషన్లలో ఇంకా ఆ డబ్బా సూదులే ఉన్నాయి. సోమవారం మళ్లీ మోటర్లు వేస్తారట. పోలీసులు ప్రమాదమని రాసిన కాగితం చించి, హత్య అని రాసేదాకా, ప్రతి మిషన్‌కూ దాని సూది పడేదాకా ఒక్క మోటరు తిరగకూడదు. సోమవారం పొద్దున ఎనిమిది గంటలకు షెడ్డు గేటు ముందుకు రండి. రాడ్లు వద్దు. అత్త గుర్తుగా మీ మిషన్ సూది ఒకటి కాగితంలో చుట్టి తెచ్చుకోండి.

నాలుగో మిషన్‌లో అత్త పెట్టిన సూది, మరమేకు సగమే బిగించి, అలాగే ఉందట. దాని చక్రం ఇంకా ఒక్క చుట్టు బాకీ.