పక్షపాతం లేని అమ్మమ్మ

టీచరమ్మ సంస్మరణ సభ ఆవిడ పాఠాలు చెప్పిన బడి హాల్లోనే పెట్టారు. కుర్చీలు చాలక యాభై దాటిన పెద్దమనుషులు కూడా గోడవారన నిలబడ్డారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళకు గోడవారన నిలబడడం కొత్తేమీ కాదు.

మైకు ముందుకొచ్చిన ప్రతివాడూ, "మాకు ఆవిడ టీచరు కాదండీ, సొంత అమ్మమ్మ" అంటున్నాడు. ముందు వరుసలో కూర్చున్న అసలు సొంత మనవరాలికి ఒళ్ళు మండిపోతోంది. అందరికీ అమ్మమ్మ అయిన మనిషి తనకు మాత్రం టీచరు! చివర మాట్లాడాల్సింది తనే. చేతిలో కాగితం ఉంది. అందులో క్రమశిక్షణ అన్న మాట నాలుగుసార్లు ఉంది, ప్రేమ అన్న మాట ఒక్కసారీ లేదు. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు మరి.

ఐదో తరగతిలో ఆమె అమ్మమ్మ క్లాసులోనే పడింది. మొదటిరోజు గుమ్మంలో చెప్పులేసుకుంటూ అమ్మమ్మ షరతు పెట్టింది.

"బడి గేటు దాటాక నన్ను అమ్మమ్మా అని పిలవకు. మనవరాలని వెనకేసుకొస్తోందని ఒక్కరన్నా నేను తలెత్తుకోలేను."

పక్షపాతం లేదని చూపించుకోవడానికి ఆవిడ పడ్డ తాపత్రయం అంతా ఇంతా కాదు. క్లాసంతా అల్లరి చేస్తే బెంచీ ఎక్కింది మనవరాలు ఒక్కతే. ఎవరి పిల్లలైనా అన్నం తెచ్చుకోకపోతే తన క్యారియర్ విప్పి పెట్టేది. మనవరాలు మరిచిపోతే మాత్రం, "రేపు ఆకలే గుర్తుచేస్తుందిలే" అనేది. వ్యాసరచన పోటీలో మనవరాలు మొదట వస్తే బహుమతి రెండోవాడికి ఇచ్చింది.

"వాడికి ఇంట్లో మెచ్చుకునేవాళ్ళు లేరే" అంది.

నాకు మాత్రం ఉన్నారా అని అడిగే ధైర్యం పదేళ్ళ పిల్లకు ఎక్కడిది? పెద్దయ్యాక ఆమె వ్యాసాలు పేపర్లో వచ్చాయి. అమ్మమ్మ ప్రతిదీ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "సగానికి కుదించొచ్చు" అని మడిచేసేది. ఆ నోట ఒక్క శభాష్ వినాలని మనవరాలు ముప్ఫై ఏళ్ళు కాచుకుంది.

పోయిన ఏడాది అమ్మమ్మకు కళ్ళ ఆపరేషన్ అయింది. ఒక్కో కన్నూ విడిగా చేద్దామని డాక్టరు అంటే, "రెండుసార్లు సెలవు పెట్టే అలవాటు నాకు లేదు" అంది. రిటైరై పాతికేళ్ళయిన మనిషి! డాక్టరు కూడా ఆవిడ దగ్గర బెంచీ ఎక్కినవాడే. రెండు కళ్ళకూ ఒకేసారి చేసి కట్టు కట్టేశాడు.

ఆ మధ్యాహ్నం పాత విద్యార్థుల రద్దీ తగ్గాక మనవరాలు గదిలోకి వెళ్ళింది. జలుబుతో ఆమె గొంతు గుర్తుపట్టలేనంతగా బొంగురుపోయింది.

"ఎవరమ్మా?"

ఏ బుద్ధి పుట్టిందో ఏమో, నోటికి తోచినట్టు "వడ్రంగి మేస్త్రి గారి ఆఖరమ్మాయినండీ టీచర్ గారూ" అనేసింది.

అమ్మమ్మ గొంతు వచ్చిన వైపు తల తిప్పింది. తర్వాత చెయ్యి చాపి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"గొంతేమిటే తల్లీ అలా పోయింది? వేణ్ణీళ్ళు తాగు. అన్నం తిన్నావా?" అంటూ తల మీద చెయ్యి వేసి జడ చివరిదాకా నిమిరింది.

అమ్మమ్మ పప్పులో కాలేసిందని మనవరాలు లోలోపల నవ్వుకుంది. నవ్వుకుంటూనే కదలకుండా కూర్చుంది.

"మా మనవరాలు తెలుసుగా నీకు? నేను చదువు చెప్పినవాళ్ళలో దానంత బాగా రాసినవాళ్ళు లేరే. అన్నీ కత్తిరించి దాచాను. దానికి చెప్పకు. ఇన్నేళ్ళు బిగదీసుకుని ఇప్పుడు చెప్పాలంటే నాకే సిగ్గు."

మనవరాలు వరండాలోకి పోయి వెక్కివెక్కి ఏడ్చింది. అయినా ఆ మాటలు తనతో అన్నవి కావాయె. పరాయివాళ్ళ ఉత్తరం విప్పి చదివినట్టే ఉంది. అందుకే కాగితంలో రాయలేదు.

ఈలోగా మైకు దగ్గరికి వడ్రంగి మేస్త్రి వచ్చాడు. బడిలో బెంచీలన్నీ ఆయన చేసినవే.

"నా నలుగురు కొడుకులకీ టీచరమ్మే చదువు చెప్పిందండీ. నలుగురూ బెంచీలు విరగ్గొట్టినవాళ్ళే. 'ఒక్క ఆడపిల్లనైనా కనలేకపోయావా మేస్త్రీ, నా బెంచీలు బతికేవి' అని కనిపించినప్పుడల్లా ఏడిపించేది."

హాలంతా ఘొల్లున నవ్వింది. మనవరాలు నవ్వలేదు. ఎవరింట్లో ఎందరు పిల్లలో వేళ్ళ మీద చెప్పే మనిషి అమ్మమ్మ. మేస్త్రికి కూతురు లేదని ఆవిడకు తెలియకపోవడమేమిటి? పప్పులో కాలేసింది ఎవరో ఇప్పుడు తెలిసింది.

ఆమె పేరు పిలిచారు. కాగితం కుర్చీలోనే వదిలేసి వెళ్ళి మైకు పట్టుకుంది.

"నేను వడ్రంగి మేస్త్రి గారి ఆఖరమ్మాయిని" అంది.

హాలు బిత్తరపోయింది. మేస్త్రి గారి భార్య మెల్లగా మేస్త్రి వైపు తిరిగింది.

"కంగారు పడకండి పిన్నిగారూ, చెబుతాను" అని కళ్ళు తుడుచుకుని, "మా అమ్మమ్మ..." అంటూ మొదలుపెట్టింది. ఆ గేటు లోపల ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.